మాత్రలిచ్చేటప్పుడే తిండి సంగతి కూడా చెప్పండి

అనంతపురం జిల్లా కలెక్టర్ గారికి, జిల్లా క్షయ నివారణ అధికారి గారికి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లోని వైద్యాధికారులందరికీ నమస్కారాలు.

నేను తాడిపత్రి దగ్గర ఒక పల్లెలో అంగన్‌వాడీ కార్యకర్తను. పిల్లలకు గుడ్డు, పాలు పెట్టడం, వాళ్ల బరువు తూచి రాసుకోవడం నా పని. దాంతోపాటు మా ఊళ్లో టీబీ మందులు వాడేవాళ్లకు ట్రీట్‌మెంట్ సపోర్టర్‌గా కొన్నేళ్లుగా ఉంటున్నాను. మాత్రలు వేసుకున్నారో లేదో చూడటం, వాంతులైతే ఆశాకు చెప్పడం, మధ్యలో మానేస్తామన్నవాళ్లను బతిమాలి ఒప్పించడం, ఇదంతా నేనే చూసుకుంటాను.

ఆరు నెలల పాటు రోజూ వేసుకోవాల్సిన మందులు ప్రభుత్వం ఉచితంగా ఇస్తోంది. ఇది చిన్న విషయం కాదు. బయట కొనుక్కోవాలంటే మా ఊళ్లో సగం మంది రెండో నెలలోనే మానేసేవాళ్లు. కానీ ఆ ఆరు నెలలూ ఏం తినాలి, ఏం తాగాలి, మాత్రకూ తిండికీ మధ్య ఎంతసేపు ఆగాలి అనేది మాత్రం ఇళ్లల్లో అత్తగార్లు, పక్కింటివాళ్లు, మందుల షాపులో కౌంటర్ మీద ఉండే పిల్లలు తేలుస్తున్నారు. "ఏం తినాలో ఎవురూ చెప్పలేదక్కా" అనే మాట నేను వినని ఇల్లు లేదు. ఎవరూ చెప్పకపోతే మా వైపు ఇళ్లల్లో మొదలయ్యేది పథ్యం.

టీబీకి పథ్యం మరీ గట్టిగా ఉంటుంది. పెరుగు వద్దు, దగ్గు ఎక్కువవుతుంది. అరటిపండు వద్దు, నెమ్ము చేస్తుంది. గుడ్డు వద్దు, వేడి. వంకాయ వద్దు, దురద. చెనక్కాయలు వద్దు, పైత్యం. మాంసం అసలే వద్దు, అరగదు. ఇవన్నీ తీసేశాక పళ్లెంలో మిగిలేది అన్నం, చారు, ఒక ఊరగాయ ముక్క.

ఈమధ్య ఒక ఇంటికి వెళ్లాను. ఆ ఇంటి కోడలికి టీబీ అని తేలి మందులు మొదలుపెట్టారు. చంకలో ఇంకా ఏడాది నిండని బిడ్డ. గది గోడ వారగా ఆ ఏడు పండిన చెనక్కాయల మూటలు పేర్చి ఉన్నాయి. ఆ పిల్ల వాటి మీదే కూర్చుని స్టీలు పళ్లెంలో చారన్నం కలుపుకుంటోంది. పళ్లెం అంచున ఎర్ర నెయిల్ పాలిష్‌తో ఒక చుక్క పెట్టారు, పొరపాటున కూడా ఇంకొకరు దాంట్లో తినకూడదని. మాంసకృత్తుల మీద కూర్చుని చారన్నం తినడం అంటే ఏమిటో నాకు ఆరోజు కళ్లకు కట్టినట్టు కనిపించింది. వంద గ్రాముల చెనక్కాయ పప్పులో సుమారు 25 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. జబ్బుతో కండ కరిగిపోయిన మనిషికి ఇంతకన్నా చవకైనది, ఇంట్లోనే పండేది ఇంకేముంటుంది?

ఆ అత్తగారిది చెడ్డ బుద్ధి కాదు, ఆ మాట గట్టిగా చెప్పాలి. కోడలు బాగుపడాలనే పథ్యం పెట్టింది. రోజూ తెల్లవారుజామున లేచి నీళ్లు కాచి ఇచ్చేది ఆమే. ఆమెకు ఎవరూ చెప్పలేదు, అంతే. మాత్రలు మొదలుపెట్టిన రోజు ఆస్పత్రికి వెళ్లింది కొడుకూ కోడలూ. వంట చేసేది, ఏది వండాలో ఏది వద్దో నిర్ణయించేది అత్తగారు. ఆమెతో మాట్లాడినవాళ్లు లేరు.

వేరే పళ్లెం గురించి కూడా ఇక్కడే చెబుతాను. టీబీ గాలి ద్వారా వస్తుంది. దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు గాల్లోకి వచ్చే క్రిముల వల్ల వస్తుంది. పళ్లెం వల్ల, గ్లాసు వల్ల, కలిసి తినడం వల్ల రాదు. కిటికీలు తీసిపెట్టడం, మొదటి వారాల్లో నోటికి గుడ్డ కట్టుకోవడం, దగ్గేటప్పుడు మోచేయి అడ్డం పెట్టుకోవడం పనికొస్తాయి. పళ్లెం మీద చుక్క పెట్టి మూలకు కూర్చోబెడితే ఆ మనిషికి ఉన్న కాస్త ఆకలి కూడా చచ్చిపోతుంది. అసలే ఈ మందులతో మొదటి నెల నోరు చేదు, కడుపులో తిప్పు. నలుగురితో కూర్చుంటే నాలుగు ముద్దలు ఎక్కువ దిగుతాయి. ఆ బాలింత బిడ్డకు పాలు మాన్పించాలని కూడా ఇంట్లో అనుకున్నారు. మందులు వాడుతున్నా తల్లిపాలు ఇవ్వొచ్చు. బిడ్డకు కూడా వ్యాధి రాకుండా మందు ఇవ్వాలేమో డాక్టర్ చూడాలి. ఇది కూడా మొదటి రోజే చెప్పాల్సిన మాట.

తిండితోనే టీబీ తగ్గిపోతుందని నేను అనడం లేదు. మా పెద్దవాళ్లు ఇప్పటికీ మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం శానిటోరియం, అంటే టీబీ రోగులను ఉంచి చూసే ఆస్పత్రి, సంగతి చెబుతారు. మందులు లేని కాలంలో మంచి గాలి, పాలు, గుడ్లు, విశ్రాంతి, ఇవే వైద్యం. ఎంతమంది పోయారో కూడా వాళ్లే చెబుతారు. తర్వాత మందులొచ్చాయి. 1956లో మద్రాసులో మొదలైన పరిశోధనలో, శానిటోరియంలో మంచి భోజనంతో ఉన్నవాళ్లకూ, ఇంట్లోనే పేద తిండి తింటూ మందులు సరిగ్గా వేసుకున్నవాళ్లకూ జబ్బు నయం కావడంలో పెద్ద తేడా రాలేదు. అంటే నయం చేసేది మాత్రే. అందులో అనుమానం లేదు. అయితే ఆ మాత్రను ఆరు నెలలు తట్టుకుని నిలబడాల్సింది మనిషి. జార్ఖండ్‌లో టీబీ రోగుల తిండి మీద చేసిన రేషన్స్ అనే అధ్యయనం ఫలితాలు 2023లో లాన్సెట్ వైద్య పత్రికల్లో వచ్చాయి. రోగులకు నెలనెలా బియ్యం, పప్పు, పాలపొడి, నూనె ఇచ్చి చూశారు. మొదటి రెండు నెలల్లో బరువు ఐదు శాతం పెరిగినవాళ్లలో చావు ముప్పు దాదాపు 60 శాతం తక్కువగా ఉంది. ఇంట్లో మిగతావాళ్లకు కూడా సరుకులు ఇచ్చిన చోట, వాళ్లలో కొత్తగా టీబీ రావడం దాదాపు 40 శాతం తగ్గింది. నలభై కిలోల మనిషికి ఐదు శాతమంటే రెండు కిలోలు. రెండు కిలోలు పెరగడానికి చారన్నం చాలదు.

ఇక మాత్ర వేసుకునే వేళ. మా ఊళ్లో గందరగోళం ఎక్కువగా ఉన్నది ఇక్కడే.

మామూలు టీబీకి ఇచ్చేది నాలుగు మందులు కలిపిన మాత్ర. ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్, ఇథాంబ్యుటాల్. బరువును బట్టి రోజుకు రెండో, మూడో, నాలుగో, ఇంకా ఎక్కువో, అన్నీ ఒకేసారి వేసుకోవాలి. మొదటి రెండు నెలలు నాలుగు మందులు, తర్వాతి నాలుగు నెలలు పైరజినమైడ్ తీసేసి మూడు. వీటిలో రిఫాంపిసిన్, ఐసోనియాజిడ్ ఖాళీ కడుపుతో వేసుకుంటేనే ఒంటికి బాగా పడతాయి. తినడానికి గంట ముందు, లేదా తిన్న రెండు గంటల తర్వాత వేసుకోవాలి. నిండా తిన్న కడుపుతో వేసుకుంటే రక్తంలోకి చేరే మందు తగ్గుతుంది.

చెప్పడానికి తేలికే. బండల పాలిష్ ఫ్యాక్టరీకి పొద్దున ఆరు గంటలకు బయల్దేరే మనిషి ఎలా చేయాలి? నేను నేర్పించే పద్ధతి ఇది. లేవగానే ముఖం కడుక్కుని మంచినీళ్లతో మాత్రలు. టీతో కాదు, కాఫీతో కాదు, పాలతో కాదు. ఆ తర్వాత గంటసేపు పనులు చూసుకోవడం. గంటయ్యాక సంగటి, పప్పు, లేదా కడుపునిండా ఉగ్గాని. బజ్జీలు మాత్రం మొదటి నెల పక్కన పెట్టమంటాను. మిరపకాయ, నూనె కలిసి అసలే తిప్పుతున్న కడుపును ఇంకా తిప్పుతాయి. పొద్దున్నే కుదరనివాళ్లకు, లేదా పొద్దున వేసుకుంటే రోజంతా తల తిరుగుతోందనేవాళ్లకు, రాత్రి తిన్న రెండు గంటల తర్వాత పడుకోబోయే ముందు వేసుకోవచ్చా అని డాక్టర్‌ను అడగమంటాను. ఏ వేళైనా రోజూ ఒకటే వేళ కావాలి.

ఖాళీ కడుపుతో వేసుకుంటే వాంతి అవుతోందనేవాళ్లు ఉంటారు. వీళ్లకు "ఖాళీ కడుపుతోనే వేసుకోవాలి" అని మళ్లీ మళ్లీ గట్టిగా చెబితే జరిగేది ఒక్కటే, మాత్రలు మానేస్తారు. నా కళ్లముందే ఇలా మానేసినవాళ్లు ఉన్నారు. ఒక ఇడ్లీయో, రెండు బిస్కెట్లో తిని వేసుకోవడం, అసలు వేసుకోకపోవడం కన్నా ఎంతో మేలు. ఈ మాట డాక్టర్ల నోటి నుంచి రావాలి. నేను చెబితే "అంగన్‌వాడీ అక్క ఏదో చెబుతోంది" అంటారు. వాంతి అయితే మాత్ర వేసుకున్న ఎంతసేపటికి అయిందో గుర్తుపెట్టుకుని సిబ్బందికి చెప్పాలని కూడా నేర్పాలి. వెంటనే అయిందా, రెండు గంటలకు అయిందా అన్నదాన్ని బట్టి మళ్లీ వేసుకోవాలో వద్దో వాళ్లు చెబుతారు.

గ్యాస్ మందు గురించి. మాత్ర పడగానే గుండెల్లో మంట అంటూ అంగట్లో గులాబీ రంగు సిరప్ తెచ్చుకుని తాగుతారు. అల్యూమినియం, మెగ్నీషియం ఉన్న ఇలాంటి మందులు ఐసోనియాజిడ్‌ను, ఇథాంబ్యుటాల్‌ను ఒంటికి పట్టనివ్వవు. మాత్రలు ముందు వేసుకుని, గ్యాస్ మందు కొన్ని గంటలు ఆగి తాగాలి. మందుల షాపుల వాళ్లకు ఒక్క మీటింగ్ పెట్టి ఈ మాట చెబితే చాలు. టీబీ కార్డు ఉన్నవాళ్లను "మాత్రలు ఎప్పుడు వేసుకున్నావు?" అని ఒక ప్రశ్న అడిగి ఇస్తారు.

ఇప్పుడు అసలు భయం వేసిన సంగతి. మా వీధిలో ఇద్దరు రోగులు ఒకే సమయంలో మందులు వాడారు. ఒకాయన పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేసేవాడు, మామూలు టీబీ. ఇంకొకామెది మందులకు లొంగని టీబీ. ఆమెకు ఇచ్చింది బెడాక్విలిన్, ప్రెటోమానిడ్, లినెజోలిడ్, మాక్సీఫ్లాక్సాసిన్ కలిసిన కొత్త చికిత్స. కేంద్ర ఆరోగ్య శాఖ 2024లో దీన్ని మన దేశంలో ప్రవేశపెట్టడానికి అనుమతించింది. అంతకుముందు ఇరవై నెలల దాకా సాగే వైద్యం దీనివల్ల ఆరు నెలలకు వస్తోంది. బెడాక్విలిన్, ప్రెటోమానిడ్ తిండితోపాటు వేసుకోవాలి. అన్నంతో వేసుకుంటే బెడాక్విలిన్ ఒంటికి పట్టేది దాదాపు రెండింతలు అవుతుంది. అంటే ఆయన నియమానికి ఆమె నియమం పూర్తిగా వ్యతిరేకం. ఇద్దరూ బోరింగ్ దగ్గర కలిశారు. ఆయన "టీబీ మాత్రలు పొద్దున్నే ఉత్త కడుపుతో వేసుకోవాల, లేకుంటే పనిచెయ్యవు" అని చెప్పాడు. చెప్పింది ప్రేమతోనే, తన విషయంలో నిజమే. ఆమె మర్నాటి నుంచి ఉత్త కడుపుతో వేసుకోవడం మొదలుపెట్టింది. నేను ఆ వారం వెళ్లి "ఎప్పుడు వేసుకుంటున్నావమ్మా" అని అడగబట్టి బయటపడింది. అడగకపోతే ఆరు నెలలూ అలాగే నడిచేది. మిగిలిన ఆఖరి మందులు ఆమెవి. అవీ సగం సగం ఒంటికి పడితే ఆ తర్వాత ఇవ్వడానికి ఏముంది?

అందుకే నా మొదటి విన్నపం. రెండు రకాల వైద్యానికి రెండు వేర్వేరు రంగుల కాగితాలు ఇవ్వండి. చదువు రానివాళ్లకు బొమ్మలుండాలి. ఒకదాని మీద ఖాళీ పళ్లెం పక్కన మాత్ర, ఇంకోదాని మీద ముద్ద ఉన్న పళ్లెం పక్కన మాత్ర. "నీ కాగితం రంగు వేరు, నా కాగితం రంగు వేరు" అని వాళ్లకే తెలిసిపోతుంది.

రెండో రకం మందులు వాడేవాళ్లకు ఇంకొన్ని జాగ్రత్తలు ఉన్నాయి. మాక్సీఫ్లాక్సాసిన్, లీవోఫ్లాక్సాసిన్ లాంటి మందులకు ఐరన్, క్యాల్షియం, జింక్ మాత్రలు, గ్యాస్ మందు అడ్డం పడతాయి. ఇది మాకు నేరుగా తగిలే విషయం, ఎందుకంటే ఎర్ర ఐరన్ మాత్రలు మా చేతుల మీదుగానే ఆడవాళ్లకు వెళ్తాయి. ఒకే గుక్కలో అన్నీ మింగేస్తారు. ఏది పొద్దున, ఏది రాత్రి, మధ్యలో ఎన్ని గంటలు అన్నది డాక్టర్ కార్డు మీదే రాసివ్వాలి. పాల గ్లాసు, రాగి జావ కూడా మాత్ర పూట కాకుండా ఇంకో పూటకు మార్చుకోవడం మంచిది. మానేయమని కాదు, వేళ మార్చుకోమని. లినెజోలిడ్ వాడేవాళ్లు ఎండుచేపలు, ఫ్రైడ్ రైస్ బండ్ల దగ్గర పోసే సోయా సాస్, బీరు లాంటివాటికి దూరంగా ఉండాలి. వీటిల్లోని టైరమైన్ అనే పదార్థం ఆ మందుతో కలిస్తే రక్తపోటు ఒక్కసారిగా పెరగొచ్చు.

మామూలు టీబీ మాత్రల్లోని ఐసోనియాజిడ్‌తో కూడా కొందరికి ఇలాంటి ఇబ్బందే వస్తుంది. తాజాగా లేని సముద్రపు చేపలు, ఎండుచేపలు తిన్న కాసేపటికి ముఖం ఎర్రబడి, ఒళ్లు దురద పుట్టి, గుండె దడదడలాడి, తలనొప్పి వస్తుంది. సముద్రం మనకు దూరం. ఇక్కడికి వచ్చే చేపలు ఎన్ని రోజులు మంచులో ఉండి వస్తాయో ఎవరికి తెలుసు? చెరువు చేప తాజాగా దొరికితే తినండి, నిల్వ చేపలు ఈ ఆరు నెలలు వద్దు అంటే సరిపోతుంది. దీనికోసం చేపలన్నీ మాన్పించి మళ్లీ ఇంకో పథ్యం మొదలుపెట్టకూడదు.

ఇదే ఐసోనియాజిడ్ ఒంట్లో బి6 విటమిన్‌ను తగ్గిస్తుంది. పాదాల్లో తిమ్మిర్లు, మంటలు దీనివల్లే. అందుకే పైరిడాక్సిన్ అనే చిన్న మాత్ర కూడా ఇస్తారు. చాలామంది అది ఉత్త బలం మాత్రే కదా అని పక్కన పడేస్తారు. బక్కచిక్కినవాళ్లు, షుగర్ ఉన్నవాళ్లు, గర్భిణులు, బాలింతలు, తాగుడు అలవాటున్నవాళ్లు దాన్ని అసలు వదలకూడదు.

షుగర్ అన్నాను కాబట్టి ఒక మాట. రిఫాంపిసిన్ కొన్ని షుగర్ మాత్రల బలాన్ని తగ్గిస్తుంది. "అన్నం మానేసి సంగటి తింటున్నా షుగర్ దిగట్లేదు" అనే రోగిని తిండి విషయంలో తిట్టకుండా ముందు మందు మోతాదు చూడాలి. తిండి సంగతి కాకపోయినా ఇంకొకటి ఆడవాళ్ల కోసం రాస్తున్నాను. మాలా-ఎన్ లాంటి గర్భనిరోధక మాత్రలు కూడా రిఫాంపిసిన్‌తో సరిగ్గా పనిచేయవు. ఈ సంగతి మొగుడూ పెళ్లాలిద్దరికీ చెప్పేవాళ్లు కావాలి.

కాలేయం సంగతి వేరుగా చెప్పాలి, ప్రాణాల మీదికి వచ్చేది అక్కడే కాబట్టి. నాలుగు మందుల్లో మూడు కాలేయం మీద భారం వేసేవే. ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్. దానికి సారాయి, బ్రాందీ, కల్లు ఏది తోడైనా కామెర్లకు దారి వేసినట్టే. ఈత కల్లు చలువ, దానివల్ల ఏమీ కాదు అని మా వైపు గట్టి నమ్మకం. అదీ మద్యమే. బండల ఫ్యాక్టరీల్లో దుమ్ము మింగి సాయంత్రం ఒక గ్లాసు వేస్తే దుమ్ము దిగిపోతుందని ఇంకో నమ్మకం. దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోయింది, కడుపులోకి పోయినది కాదు. గ్లాసు దాన్ని దించలేదు, బెల్లం ముక్క కూడా దించలేదు. రాతి దుమ్ముతో సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు వస్తుందనీ, అది ఉన్నవాళ్లకు టీబీ ముప్పు ఎక్కువనీ వైద్యులకు ఎప్పటినుంచో తెలుసు. తాడిపత్రిలో, బేతంచెర్లలో ఫ్యాక్టరీల గేటు దగ్గర ఈ మాట పెద్ద అక్షరాలతో రాసిపెట్టాలి.

తాగేవాళ్లలో నేను చూసిన ఇంకో ప్రమాదం ఉంది. "తాగినరోజు మాత్ర వేసుకుంటే విషమవుతుంది" అని ఆరోజు మాత్ర ఎగ్గొడతారు. వారానికి రెండు రోజులు తాగితే రెండు రోజులు మందు లేదు. ఇలాగే మామూలు టీబీ మొండి టీబీ అవుతుంది. తాగుడు పూర్తిగా మానాలి, అది నిజం. మానలేకపోతే దాచకుండా డాక్టర్‌కు చెప్పాలి, మాత్ర మాత్రం తన ఇష్టానికి ఆపకూడదు. ఇలా చెప్పుకోవాలంటే ఆ మనిషికి భయం లేకుండా ఉండాలి. ఓపీలో పదిమంది ముందు "తాగుతావా?" అని కసిరితే "లేద్సార్" అనే అంటాడు. దయచేసి పక్కకు పిలిచి అడగండి.

కామెర్లు ఎలా గుర్తుపట్టాలో కూడా ఎవరూ చెప్పడం లేదు. రిఫాంపిసిన్ వల్ల మూత్రం, చెమట, కన్నీళ్లు నారింజ రంగులో వస్తాయి. మొదటిరోజు అది చూసి రక్తం పోతోందని టెన్షన్ పడి మందులు ఆపేసినవాళ్లు ఉన్నారు. అది మామూలే. అసలు చూడాల్సింది కంటి తెల్లగుడ్డు. అది పసుపు పచ్చగా మారినా, అన్నం వాసన చూస్తేనే వాంతి వస్తున్నా, కుడివైపు డొక్కలో నొప్పి ఉన్నా ఆరోజే ఆస్పత్రికి రావాలి. పసరు తాగించడానికి తీసుకుపోకూడదు. టీబీ మందులు కాలేయాన్ని దెబ్బతీసిన మనిషికి, ఏముందో తెలియని ఆకు పసరు పోస్తే ఉన్న కాలేయం కూడా పోతుంది. నాటు మందులు వాడాలనుకుంటే ముందు డాక్టర్‌కు చెప్పాలి.

ఈ కాలేయం గురించే మన జిల్లాకు ప్రత్యేకంగా చెప్పాల్సింది ఒకటుంది. చెనక్కాయలు తినమన్నాను. కానీ తేమలో నిల్వ ఉండి బూజు పట్టిన, ముడుచుకుపోయిన, కొరికితే చేదుగా ఉండే పప్పులు ఏరి పారేయాలి. ఆ బూజులో అఫ్లటాక్సిన్ అనే విషం ఉంటుంది, అది కాలేయానికే చేటు. వేయించినా పూర్తిగా పోదు. మంచి కాయలు అమ్మేసి నాసి కాయలు ఇంటికి ఉంచుకోవడం మా రైతు ఇళ్లల్లో అలవాటు. రోగి ఉన్న ఇంట్లో మాత్రం మంచి కాయల్లోంచి ఒక మూట తీసి పక్కన పెట్టమని నేను అడుగుతుంటాను.

కర్నూలు, కడప వైపు కూడా ఇలాంటి కాగితం వేస్తే రంజాన్ నెల గురించి తప్పక రాయండి. రోజా ఉండాలనుకునే రోగులు సహరీకి ముందు వేసుకోవాలా, ఇఫ్తార్ తర్వాతా అని ఎవరినీ అడగలేక సొంతంగా ఏదో ఒకటి చేస్తున్నారు. జబ్బుగా ఉన్నవాళ్లకు రోజా నుంచి మినహాయింపు ఉందని మసీదు పెద్దల చేత చెప్పిస్తే వింటారు. శనివారాలు, ఏకాదశులు ఒక్కపొద్దు ఉండేవాళ్లకు కూడా ఈ ఆరు నెలలు వద్దని చెప్పాలి.

డబ్బు సంగతి. టీబీ రోగుల తిండి కోసం కేంద్రం పెట్టిన నిక్షయ్ పోషణ్ యోజన కింద 2018 ఏప్రిల్ నుంచి నెలకు 500 రూపాయలు ఇచ్చేవారు. 2024 నవంబర్ నుంచి దాన్ని 1,000 చేశారు. మంచి పని. అది ఖాతాలో పడేది మాత్రం ఆకలి ఎక్కువగా ఉన్న మొదటి నెలలో కావాలి. ఆధార్ కలవలేదనో, ఖాతా పనిచేయడం లేదనో ఆగిపోతే, జబ్బు తగ్గాక వచ్చిన డబ్బు అప్పుల వాళ్లకు పోతుంది. రోగులకు సాయం చేయడానికి ముందుకొచ్చే దాతలను నిక్షయ్ మిత్రలు అంటారు. వాళ్లిచ్చే ఆహార బుట్టలో ఉండాల్సిన వాటిలో తృణధాన్యాలు మూడు కిలోలు, పప్పులు కిలోన్నర, నూనె పావుకిలో, పాలపొడి కిలో, లేదంటే చెనక్కాయలు కిలో ఉన్నాయి. చూడండి, ఢిల్లీలో తయారైన జాబితాలో చెనక్కాయలున్నాయి, చెనక్కాయల జిల్లాలో రోగి పళ్లెంలో లేవు. మన దగ్గర ఆ బుట్ట ఇచ్చే దాతలకు కొర్రలు, రాగిపిండి, కందిబేడలు, అలసందలు, ఉలవలు ఇవ్వమని చెప్పండి. ఇవి మా ఆడవాళ్లకు వండటం వచ్చినవి. తెలియని పొడి ప్యాకెట్లు ఇస్తే అటక మీదికి పోతాయి.

కాగితం మీద కూడా మా మాటలే ఉండాలి. "అధిక ప్రోటీన్ గల ఆహారం తీసుకోవలెను" అని రాస్తే ఎవరికీ ఏమీ తెలియదు. "రోజూ ఒక గుడ్డు, కుదిరితే రెండు. రెండు పూటలా గట్టి పప్పు. గుప్పెడు వేయించిన చెనక్కాయలు, లేదా సంగట్లోకి ఊరుబిండి. ఒక గ్లాసు పాలు, లేదా పెరుగు. ఆకుకూర. ఎండాకాలం మజ్జిగ, నీళ్లు బాగా. పైరజినమైడ్ వాడే రెండు నెలలు కీళ్లు నొప్పులుంటే ఓర్చుకోకుండా డాక్టర్‌కు చెప్పాలి" అని రాయండి. ఆకలి లేనివాళ్లు మూడు పూటలకు బదులు ఆరు సార్లు కొంచెం కొంచెం తినాలని రాయండి. పథ్యం లేదని, ఆ రెండు మాటలూ అన్నిటికన్నా పైన, పెద్దగా రాయండి.

ఇంకో రెండు చిన్న పనులు. మందులు మొదలుపెట్టే రోజు ఇంట్లో వంట చేసేవాళ్లను కూడా తీసుకురమ్మని చెప్పండి. రాలేకపోతే ఏఎన్ఎం గానీ నేను గానీ ఇంటికి వెళ్లి చెబుతాం, మాకు ఆ బాధ్యత రాతపూర్వకంగా ఇవ్వండి. రెండోది, బరువు. గర్భిణుల బరువు చూసే మిషన్ మా సెంటర్లో ఉంది. నెలనెలా జరిగే గ్రామ ఆరోగ్య పోషకాహార దినం రోజు టీబీ రోగుల బరువు కూడా చూసి కార్డులో రాయమని ఉత్తర్వు ఇస్తే చాలు, కొత్తగా కొనాల్సింది ఏమీ లేదు. బరువు పెరిగితే మాత్రల సంఖ్య మార్చాల్సి రావచ్చు, పెరగకపోతే ఆ ఇంట్లో పొయ్యి మీద ఏముందో వెళ్లి చూడాల్సి రావచ్చు. రెండూ రెండో నెలలోపే తెలియాలి. సందేహాలకు నిక్షయ్ సంపర్క్ ఉచిత ఫోన్ నంబర్ 1800116666 ఉందని కూడా మా వాళ్లలో చాలామందికి తెలియదు. దాన్ని కూడా కార్డు మీద వేయించండి.

కాగితం రాసేటప్పుడు ముద్రించక ముందే ఒక ప్రతి మాకు పంపండి. మా వీధిలో నలుగురు అత్తగార్లను కూర్చోబెట్టి చదివి వినిపిస్తాను. ఏ మాట అర్థం కాలేదో, ఏది వండలేమన్నారో, దేనికి ఒప్పుకోలేదో రాసి వారంలోపు తిరిగి పంపిస్తాను.

ఇట్లు,
ఒక అంగన్‌వాడీ కార్యకర్త,
తాడిపత్రి మండలం, అనంతపురం జిల్లా